పదహారు దెబ్బల ఊపిరి

బస్సు చాగలమర్రి దాటింది. ఇంకో గంటంబావులో కడప. ఒళ్లో సంచి ఉంది, సంచిలో రెండు ఫైళ్లున్నాయి, ఒకటి పచ్చది, ఒకటి గోధుమరంగుది, ఈలోపల రెండింట్లో ఒకటి తీసి మా ఆయన చేతికివ్వాలి, రెండోది ఎవరి కంటా పడకుండా చించి పారెయ్యాలి. ఏది ఇవ్వాలో కర్నూల్లో బస్సెక్కేటప్పుడు నాకు బాగా తెలుసు. నంద్యాలలో కూడా తెలుసు. ఆళ్లగడ్డలో దిగి టీ తాగేటప్పుడు ఆయన గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ ఊదుకుంటూ మధ్యలో ఆగాడే, అప్పుడు తెలియకుండా పోయింది. టీ ఊదడానికి కూడా రెండుసార్లు ఆగే మనిషి సాయంత్రం ఏడు గంటలకు స్టేజీ మీద కూర్చుని క్లారినెట్టు ఊదాలి. ఇప్పుడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు ఏసుకుమార్, మా బ్యాండుసెట్టు మాస్టరు, నా మొగుడు. రెండు కాళ్ల మధ్య క్లారినెట్టు పెట్టె. మిగతా వాళ్లు డ్రమ్ములతో సహా వ్యానులో పొద్దున్నే పోయారు. వ్యానులో ఇరుక్కుని కూర్చుంటే ఆయనకు ఊపిరాడదని ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు, బస్సయితే కాళ్లు చాపుకోవచ్చు అనుకున్నాం ఇద్దరం, ఒకరినొకరు చూసుకోకుండా. ఆడవాళ్లకు బస్సు ఊరికే గనక కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. ఈ సాయంత్రం కార్యక్రమం కార్డులో కూడా నాకు దక్కింది అదే. పదకొండు మంది పేర్లు వేశారు, సైడు డ్రమ్ము కొట్టేవాడి పేరుతో సహా. ఆ పదకొండు మంది నోటికీ చేతికీ ప్రతి స్వరమూ రాసిపెట్టిన కృపారాణి పేరు లేదు. కోపం కాదులే, కోపమైతే ఇంత నీరసంగా ఉండదు. అలసిపోయాను, అంతే.

ఇంత అలసిపోయినదాన్ని ఇంత హుషారు సంగీతం ఎట్లా రాశానో నాకే తెలియదు. ఇప్పుడు కూడా బస్సు గేరు మార్చినప్పుడల్లా ఆ ఎగిరే ఆట పాట తల లోపల మొదటి నుంచి మొదలవుతుంది, రెండు నెలలుగా అదే గోల, పళ్లు తోముకుంటుంటే అదే, ఉల్లిపాయ తరుగుతుంటే అదే, చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకుంటే దేవుడి కంటే ముందు అదే వచ్చి నిలబడుతుంది. తెచ్చిపెట్టినవాడు డాక్టరు గోపీనాథ్. కమలాపురం మనిషి, కడపలో ఎముకల డాక్టరు, రష్యాలో ఆరేళ్లు చదివొచ్చాడు. మన వైపు రష్యా చదువు డాక్టర్లు అంతమంది ఉన్నారని ఆయన చెబితేనే నాకు తెలిసింది, ఈ సాయంత్రం వాళ్లంతా కడపలో కలుసుకుంటున్నారు, మూడొందల మంది. "టీచరమ్మా, మాకు రష్యా భాషలో ఇప్పుడు గుర్తుండేటివి మూడే మాటలు. రొట్టె, చలి, పరీక్ష. ఈ పాట మాత్రం మరుపుకు రాదు" అని ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. చలికి తట్టుకోలేక పాటల నాటకం ఆడే హాలుకు పోయేవాళ్లట, లోపల వెచ్చగా ఉంటుందని. నాటకం కథేమిటో గుర్తు లేదట, చివర్లో ఎవరో చచ్చిపోతారట, ఎవరో తెలియదు. మూడో అంకంలో కోతలైపోయి కళ్లంలో జనమంతా ఎగిరే ఆట ఒకటుంది, అది మాత్రం ఒంట్లో ఉండిపోయిందట. ఆ ఆటను స్టేజీ మీద మన బ్యాండుతో వాయించాలి, పెళ్లి ఊరేగింపులో వాయించినట్టు కాదు, కచేరీలాగా, కుర్చీల్లో కూర్చుని. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "చివర్లో క్లారినెట్టు ఒక్కటే వస్తాది సూడండి, అది ఒకే ఊపిరిలో వాయించినాడమ్మా ఆ పొద్దు, ముసిలాయన, హాలంతా ఊపిరి బిగబట్టినాము" అన్నాడు. మా ఆయన పక్కనే నిలబడి వింటున్నాడు. "దాందేముండాది సార్, వాయిస్తాం" అన్నాడు.

వాట్సాపులో పంపాడు, నలభై రెండు పేజీలు, ఒక్కో పేజీలో ఇరవై వరసలు, ఐదు గీతల మీద చీమలు బారులు తీరినట్టు చుక్కలు. ఐదు గీతల సంగీతం నాకు మిషను బళ్లో ఒక ముసలి దొరసానమ్మ నేర్పింది, తప్పు వాయిస్తే పియానో మూత నా వేళ్ల మీద మెల్లగా దించేది, నొప్పి పుట్టేది కాదు గానీ భయం పుట్టేది. ఆ విద్యతో ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లలకు నేర్పాను, చర్చిలో కోయరు నడిపాను, మా ఆయన బ్యాండుకు రాశాను. బ్యాండులో ఎవరికీ గీతలు తెలియవు, సరిగమలు రాసివ్వాలి, అదీ లావు అక్షరాలతో, ఎవరి కాగితం వాళ్లకు, క్లారినెట్టుకైతే ఒక మెట్టు పైకెత్తి. నూటికి పైన వయొలిన్లు, వేణువులు, ఇంకా పేర్లు తెలియని గొట్టాలు కలిసి చేసే పనిని నేను పదకొండు మంది చేత చేయించాలి, రెండు క్లారినెట్లు, నాలుగు ట్రంపెట్లు, ఒక శాక్సఫోను, రెండు యుఫోనియాలు, రెండు డ్రమ్ములు. కళ్లద్దాల ముందు ఫోను, చేతిలో పెన్సిలు, పొయ్యి మీద పప్పు. వయొలిన్ల పరుగు ట్రంపెట్లకిస్తే నాలుక మడతబడి చస్తారు, క్లారినెట్లకే ఇవ్వాలి, క్లారినెట్లు రెండే, ఒకడు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకడు పరుగెత్తాలి. వీణకు పెద్దక్కలాంటి వాయిద్యం ఒకటుంది అందులో, నీళ్లు చిలకరించినట్టు మోగుతుంది, దాన్ని ఎవరికీ ఇవ్వలేక తీసి పారేశాను, పారేసిన రోజు నాకు అన్నం సయించలేదు. పారేయడమే సగం పని ఈ విద్యలో. ఏది తీసేసినా వినేవాళ్లకు తీసేసినట్టు తెలియకూడదు. మాడిన పప్పుకు మాత్రం ఆ విద్య పనికిరాదు, ఆయన మాడింది పక్కకు నెట్టి తిన్నాడు.

మొదటి రోజు చర్చి వెనక రేకుల షెడ్డులో కూర్చోబెట్టాను అందర్నీ. కూర్చోవడమే తెలియదు వాళ్లకు. ఇరవై ఏళ్లుగా నడుస్తూ వాయించినవాళ్లు, ఊపిరి కూడా కాలితోనే ముడిపడి ఉంటుంది, ఎడమ కాలు పడ్డప్పుడు తీసుకుంటారు. కుర్చీలో కూర్చోబెడితే కాళ్లు ఊరుకున్నాయి, కాళ్లు ఊరుకునేసరికి ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో మర్చిపోయారు. అందర్నీ లేపి షెడ్డు చుట్టూ మూడు రౌండ్లు నడిపించి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో వెనకాలే నడుస్తూ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను, అరవై దగ్గర పడ్డ ఆడమనిషి బ్యాండు వెనక పరుగెడుతుంటే పాస్టరుగారి భార్య కిటికీలోంచి చూసి నవ్వింది. నవ్వనీ. దానికంటే పెద్ద తమాషా ఆ తర్వాత జరిగింది. ఆట చివరికొచ్చింది, ఆగలేదు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు. మళ్లీ చివరికొచ్చింది, మళ్లీ అందుకున్నారు. కాగితంలో ఆపమనే ఉంది, నేను కూడా ఆపుతారనే చూస్తున్నాను, పదకొండు సార్లు వాయించారు చెమటలు కారుతూ. చివరికి పెద్ద డ్రమ్ము బసవన్న, కోడుమూరు పక్క మనిషి, కొట్టడం మానకుండానే అరిచాడు, "టీచరమ్మా, సెయ్యెత్తమ్మా! నువ్వు సెయ్యెత్తకుంటే మేమెట్ల ఆపేది?" పెళ్లి ఊరేగింపులో పాట అయిపోవడమంటూ ఉండదు, పెళ్లికొడుకు కారు కదిలినంతసేపూ వాయిస్తారు, ఆ ఇంటి పెద్దమనిషి చెయ్యెత్తితే ఆపుతారు. పాటకు దానంతటదిగా చివర ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఆ బసవన్నకే ఆట దరువు ఎంత చెప్పినా పట్టుబడేది కాదు, రష్యా అంటే బిగుసుకుపోయేవాడు, ఒకరోజు విసుగొచ్చి ఊరికే వినవయ్యా అని ఫోను వాడి చెవికి పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. "ఓయమ్మ, ఇది మన పీర్ల పండగలో గుండం సుట్టూ ఎగిరే దెబ్బ గదమ్మా, ముందే సెప్పకూడదా?" అని కట్టె తీసి ఒకటే మోత. కళ్లం మీద మంచు కురిసే ఊరి ఆట మా షెడ్డులో దిగింది. ఆ రోజు నేను సంతోషపడ్డాను, చాలా రోజులకు.

ఆ రోజు కూడా చివరి క్లారినెట్టు దగ్గరికొచ్చేసరికి మా ఆయన చెయ్యి ఊపి, "అది నాకొచ్చులే, ముందుకు పాండి" అన్నాడు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ముక్క అందరి ముందూ వాయించలేదు. పెదవి ఎండింది అనేవాడు, రీడు చీలింది అనేవాడు, అది నాకొచ్చులే అనేవాడు. రాకపోవడమేముంది, వేళ్లకు వచ్చు. సైడు డ్రమ్ము మధ్యలో ఎన్ని చిటుకులు వేసినా పెద్ద డ్రమ్ము దెబ్బ సెకనుకొకటి పడుతుంది, ఆ దెబ్బలు పదహారు పడేలోపల క్లారినెట్టు ఒక్కటే కింద నుంచి పైకెక్కి, పైన గింగిరాలు తిరిగి, తెగకుండా కిందికి దిగాలి, దిగిన చోట పదకొండు మందీ కలిసి మీద పడాలి. అదీ ఆట. పదహారు ఒకప్పుడు ఆయనకు లెక్కలోది కాదు. ముప్ఫై పట్టేవాడు. పెళ్లి మండపాల ముందు ఒక్క స్వరం పట్టుకుని నిలబడితే పందిట్లో ముసలాళ్లు వేళ్లు మడిచి లెక్కపెట్టేవాళ్లు, చిన్నవాళ్లు ఈలలు వేసేవాళ్లు, నేను దూరంగా నిలబడి ఆయన మెడ నరం చూస్తూ నా ఊపిరి బిగబట్టేదాన్ని, నాకు పద్దెనిమిది దాటేది కాదు.

క్రీస్తును నమ్ముకున్నవాళ్లమే గానీ మా ఇంట్లో పంచాంగం లేని ఏడాది లేదు. ముహూర్తాలుంటే మా పొయ్యి వెలుగుతుంది, మూఢమొస్తే బ్యాండు మూలబడుతుంది. మూఢాల్లోనూ ఆషాఢాల్లోనూ ఆయన బేతంచెర్ల పక్క బండల పాలీషు పనికి పోయేవాడు, ఇంట్లో ఊరికే కూర్చుంటే చేతులు దురదపెడతాయి అనేవాడు, ఇరవై రెండేళ్లు అట్లా పోయాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. నేను నవ్వేదాన్ని. దేవుడా, నేను నవ్వేదాన్ని, ముసలోడు వచ్చినాడు అని అద్దం తెచ్చి చూపించేదాన్ని, ఆ తెలుపు కనుబొమ్మల మీద ఆగలేదని, లోపలికి పోయి కూర్చుంటోందని చదువుకున్నదాన్ని నాకైనా తెలియాలి కదా. పోయిన ఏడాది ఊపిరితిత్తుల ఫోటో తీసి ఆసుపత్రి డాక్టరు గోడకు పెట్టి చూపించాడు, రెండు వైపులా రాతిపొడి, ఇంక తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవాలి అన్నాడు. ఆసుపత్రి బయట ఈయన నా చేతిలో కవరు లాక్కుని, "ఈ మాట బ్యాండోళ్లకు తెలియకూడదు" అన్నాడు, అంతే, మళ్లీ ఆ మాట మా ఇద్దరి మధ్యనా రాలేదు. పొద్దున్నే స్నానాల గదిలో తలుపు వేసుకుని ఒక్క స్వరం పట్టి చూసుకుంటాడు. నేను వంటింట్లో గరిటె ఆపి లెక్కపెడతాను. ఏడాది కిందట పన్నెండు. ఉగాదికి తొమ్మిది. ఈ గోపీనాథ్ డాక్టరు వచ్చిపోయినప్పుడు ఏడు. ఇప్పుడు ఐదు. ఐదు అయ్యాక కొళాయి తిప్పుతాడు ధారగా, దగ్గు వినిపించకుండా. కొళాయి ఆగాక నేను గరిటె తిప్పడం మొదలుపెడతాను. నాకు తెలుసని ఆయనకు తెలియదు అనుకుంటాను. భోజనానికి కూర్చుంటే ఇద్దరమూ కూర గురించి మాట్లాడుకుంటాం.

పచ్చ ఫైలులో పదహారు దెబ్బలూ ఆయనవే, డాక్టరు అడిగినట్టు, ఆయన ఒప్పుకున్నట్టు. గోధుమరంగు ఫైలు నేను పోయిన పదిరోజుల్లో దొంగచాటుగా రాశాను. ఐదు దెబ్బలు ఆయనకు, మూడు ఓబుళేశుకు, మళ్లీ ఐదు ఆయనకు, మూడు ఓబుళేశుకు. ఆయన ఊపిరి అయిపోయే స్వరం మీదే ఓబుళేశు మెల్లగా వచ్చి కలుస్తాడు, ఆయన వదిలేస్తాడు, ఓబుళేశు మూడు దెబ్బలు మోసుకుపోయి మళ్లీ ఆయన చేతిలో పెడతాడు. సరిగ్గా వాయిస్తే అతుకు కనబడదు, ఒకే క్లారినెట్టు, ఒకే ఊపిరి అనుకుంటారు. ఓబుళేశు రెండో క్లారినెట్టు, ఈయన దగ్గర ఇరవై ఏళ్లుగా నేర్చుకున్నవాడు, గురువు ఎంత మెత్తగా ఊదితే అంత మెత్తగా ఊదగలడు. వాడికి చెప్పక తప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక షెడ్డులోకి పిలిచి కాగితం పెట్టాను. చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు. "వదినా, అన్నకింత అయిందా?" అన్నాడు. అయింది అన్నాను. "నేను వాయించను వదినా. అన్న ముక్కలో నేను యేలు పెడితే అన్న నా మొగం సూస్తాడా? నువ్వు ముందు అన్నతో సెప్పు." చెప్తాను, నువ్వయితే నేర్చుకో అన్నాను. నాలుగు రోజుల్లో నేర్చుకున్నాడు, చెప్పులు బయట విడిచి షెడ్డులోకి వచ్చేవాడు, దొంగతనానికి వచ్చినట్టు. "సెప్పినావా వదినా?" ప్రతిరోజూ అదే మాట. చెప్పలేదు. ఈ పూటకూ చెప్పలేదు. మొగుడికి తెలియకుండా ఆయన శిష్యుడితో ఆయన లోటు మాట్లాడిన ఆడదాన్ని నేను, దీనికి ఏ పేరు పెట్టినా సిగ్గుగానే ఉంటుంది.

రోడ్డు పక్కన కాలువ వస్తోంది, పోతోంది, ఆ కాలువ ఉన్నంతమేర వరి, అది పక్కకు తిరిగితే మళ్లీ ఎర్రనేల, కంపచెట్లు. ఈ దారిలో ఎన్నిసార్లు వచ్చామో పెళ్లిళ్లకు. నేను ఎందుకు వచ్చేదాన్ని, ఊరేగింపుల్లో నాకేం పని, కొత్త పాట రాసిచ్చినప్పుడు ఎట్లా మోగుతుందో వినడానికి, అంతే. కాదు, ఆయన్ను చూడడానికి. పెళ్లికాకముందు క్రిస్మసుకు మా మిషను వీధిలో వాయించడానికి వచ్చాడు, అందరూ కేకులు తింటుంటే నేను పోయి, మీ నిషాదం తక్కువ పలుకుతోంది అన్నాను, ఇరవై నాలుగేళ్ల టీచరమ్మను, పొగరు. ఆయన వాయిద్యం తుడుచుకుంటూ, "ఊరేగింపుకొచ్చినోళ్లకు నిషాదం యాడ తెలుస్తాది టీచరమ్మా?" అన్నాడు. నాకు తెలుస్తాంది గదా అన్నాను. మరుసటేడు అదే వీధిలో అదే పాట నా ముందు నిలబడి వాయించాడు, నిషాదం సూదిమొనలాగా నిలబడింది, నిలబెట్టి నా వైపు చూశాడు. పదిమందిలో. మా నాయన కూడా ఉన్నాడు. ఆ చూపుకే నేను ఒప్పుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన తప్పు ఆయనకు చెప్పే హక్కు నాకొక్కదానికే ఉంది, ఆ హక్కు ఇప్పుడెందుకు నోట్లో ఇరుక్కుపోయింది? అప్పుడు తప్పు నిషాదంలో ఉండింది, దిద్దుకున్నాడు. దీన్ని ఎక్కడ దిద్దుకుంటాడు?

పచ్చది ఇస్తే ఏమవుతుంది? ఐదో దెబ్బకు ఆగిపోతాడు. స్టేజీ మీద లైట్లలో, నల్ల కోటు వేసుకుని, ఆగిపోయి దగ్గుతాడు. ఎదురుగా ఉండేది మామూలు జనమా, మూడొందల మంది డాక్టర్లు, దగ్గు విని లోపల ఏముందో చెప్పగలిగేవాళ్లు, సగం మంది కుర్చీల్లోంచి లేస్తారు మర్యాద కొద్దీ. అప్పుడాయన నా వైపు చూస్తాడు, పక్కన పరదా చాటున నిలబడి ఉంటాను, నీకు తెలిసి కూడా నన్ను కూర్చోబెట్టావా అని ఆ చూపు. గోధుమరంగుది ఇస్తే ఏమవుతుంది? ఇక్కడే చూస్తాడు, ఈ బస్సులోనే, ఏమీ అనడు. క్లారినెట్టు పెట్టె తీసుకుని మైదుకూరులో దిగిపోతాడు. ఆ రకం మనిషే. నలుగురిలో అరిచే మగాళ్లతో బతకడం సులువు, ఈయన అరవడు. ఓబుళేశు వాయించుకోనీ అంటాడు, పెట్టె అటక మీద పెడతాడు, మళ్లీ తియ్యడు. పదహారూ ఓబుళేశుకే ఇచ్చేయొచ్చు కదా, వాడికి ఇరవై వస్తుంది, అతుకులే ఉండవు, సంగీతానికి అదే మంచిది. అది ముందే తోచింది నాకు. తోచి పెన్సిలు పక్కన పెట్టి ఏడ్చాను. సంగీతానికి మంచిదేదో తెలిసి కూడా రాయకపోవడం ఇదే మొదటిసారి. పదహారులో పది ఆయనవి ఉండాలి. ఎక్కువ పాలు ఆయనదే కావాలి. ఐదు కంటే తగ్గించలేదు, ఐదూ లెక్కపెట్టి మరీ ఇచ్చాను, అది నా మొండితనం.

మైదుకూరులో బస్సు ఆగింది. పసుపు వాసన, ఎండిన పసుపు కొమ్ములు, గాలి మొత్తం అదే, ఎక్కేవాళ్ల చీరల్లో కూడా అదే. ఇద్దరాడవాళ్లు ఆధార్ కార్డులు పట్టుకుని సీటు కోసం తోసుకుంటున్నారు, "నువ్వు యాడికి పోతాండావ్మే?" "కూతురి కాన్పు, పెద్దాసుపత్రికి." దుమ్ము లోపలికొచ్చింది, ఈయన నిద్రలోనే దగ్గాడు, పొడి దగ్గు, భుజం కిటికీకి కొట్టుకుంది. నేను కిటికీ అద్దం జరిపాను. ముఖం చూశాను. రంగు వేసిన మీసం కింద తెల్లటి గీత, కచేరీ కోసం నిన్న నేనే వేశాను, సరిగ్గా వెయ్యలేదు. దిగిపోతాడేమో అన్న భయం ఉన్న ఊరు ఇదే, ఈ ఊరు దాటాక ఇస్తే బస్సు కడపదాకా మళ్లీ ఎక్కడా ఎక్కువసేపు ఆగదు. ఇంత చిన్న ఎత్తు వేస్తున్నానా ముప్ఫై నాలుగేళ్ల మొగుడి మీద? వేస్తున్నాను. బస్సు కదిలింది. కదిలిన కుదుపుకు ఆయనకు మెలకువ వచ్చింది.

"యాడికొచ్చినామే?"

"మైదుకూరు దాటినాం."

"ఇంగ శానా దూరముండాదా?"

"ముక్కాలు గంట."

నోరు చప్పరించుకున్నాడు. సీసా ఇచ్చాను, రెండు గుటకలు తాగాడు, మధ్యలో ఆగాడు. తర్వాత చెయ్యి చాపాడు. "కాయితం ఇయ్యి, ఒకసారి సూసుకుంటా."

నా చెయ్యి సంచిలోకి పోయింది. రెండు ఫైళ్లూ వేళ్లకు తగిలాయి, తడిమితే రెండూ ఒకటే, ఆ క్షణంలో దేవుడా నువ్వే ఏదో ఒకటి ఇవ్వు అనుకున్నాను, తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది, కళ్లతో చూసి గోధుమరంగుదే తీసి ఇచ్చాను. కొత్త ఫైలు అని గమనించాడు, అట్ట తిప్పాడు. మొదటి పేజీ. రెండో పేజీ. పెదవులు కదులుతున్నాయి, తొడ మీద వేళ్లు స్వరాలు పట్టుకుంటూ పోతున్నాయి, హుషారుగానే పోతున్నాయి, వేళ్లకేమీ ముసలితనం రాలేదు. చివరి పేజీ తిప్పాడు. వేళ్లు పైకెక్కాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, వేళ్లు ఆగాయి. నేను ముందు సీటు వెనక ఎవరో గోకి రాసిన పేర్లు చదువుతూ కూర్చున్నాను, చదివినవే మళ్లీ చదివాను.

"ఈడ ఓబుళేసుకు ఇచ్చినావా?"

"ఊ."

"వాడు నేర్చుకున్న్యాడా?"

"నేర్చుకున్న్యాడు."

"అందుకేనా వారం నుంచి నా కండ్లల్లోకి సూడకుండా తిరుగుతాండాడు." కాగితం మడవలేదు. చింపలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు, అటు చూస్తూనే అడిగాడు, "ఐదని నీకెట్ల తెలుసు?"

"గరిటె ఆపి లెక్కపెడతాండా. రోజూ."

 ఆయన మెడ నరం కదలడం కనబడుతోంది, కోపమో దగ్గో తెలియలేదు, పెట్టె కోసం కిందికి వంగుతాడేమో అని ఆయన చేతుల వైపే చూస్తున్నాను. వంగలేదు. గొంతు బాగా తగ్గించి, పక్క సీటు వాళ్లకు కూడా వినబడకుండా అన్నాడు.

"అది పొద్దున పూట లెక్క. సాయంకాలానికి ఐదు రాదు. నాలుగే."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన తిరగలేదు.

"నాలుగు రాయి, రాణీ."

"నాలుగైతే నీకెంతో వానికీ అంతే అవుతాది. సగం సగం."

"కానీ. వాడు బాగా వాయిస్తాడు."

పెన్సిలు తీశాను. బస్సు కుదుపుకు గీత పక్కకు పోయింది. ఆయన ఫైలును తన మోకాలి మీద పెట్టి, కాగితం అంచులు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు, కదలకుండా. ఆయన ఐదో దెబ్బ కొట్టేసి ఓబుళేశు పేరు కింద రాశాను, రెండో చోట కూడా రాశాను.